ఇంగ్లిష్‌లో ఒక్క మనిషికి ‘దే’ ఎలా వాడాలి? ఆఫీసు మెయిల్ కోసం అడుగుతున్నాను

మణికొండ_లీడ్ · హైదరాబాద్

అందరికీ నమస్కారం. మా ప్రాజెక్టుకి క్లయింట్ వైపు నుంచి కొత్త ప్రొడక్ట్ మేనేజర్ వచ్చారు. సియాటిల్‌లో ఉంటారు. అసలు పేరు ఇక్కడ రాయను, ‘అలెక్స్’ అనుకుందాం. మెయిల్ చివర సంతకంలో పేరు పక్కనే ‘దే/దెమ్’ అని ఉంది. అంటే తన గురించి మాట్లాడేటప్పుడు ‘హీ’, ‘షీ’ కాకుండా ‘దే’ అనమని. అది అర్థమైంది, అలాగే అనాలని నాకూ ఉంది. చిక్కంతా వాక్యం కట్టే దగ్గరే.

ప్రతి శుక్రవారం మా డైరెక్టర్‌కి స్టేటస్ మెయిల్ పంపాలి. అందులో అలెక్స్ గురించి నాలుగైదు వాక్యాలు తప్పవు. ‘అలెక్స్ ఈజ్ ఆన్ లీవ్’ అని మొదలుపెట్టాక తర్వాత ‘దే ఈజ్ బ్యాక్ ఆన్ మండే’ అనాలా, ‘దే ఆర్ బ్యాక్’ అనాలా? ‘ఆర్’ అంటే క్లయింట్ టీమ్ మొత్తం సెలవులో ఉందని ఆయన అనుకుంటారేమోనని టెన్షన్. టీమ్‌లో పిల్లలు కూడా నన్నే అడుగుతున్నారు. ఒకబ్బాయి కాల్‌లో అలెక్స్ ప్రస్తావన రాగానే మాట మార్చేస్తున్నాడు. ఇలా దాటేయడం అలెక్స్‌కి ఇంకా బాధ కదా. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

గోదావరి_ఇంగ్లిష్ · రాజమహేంద్రవరం

‘దే ఆర్’ అనే రాయండి మేడమ్. మనిషి ఒక్కరే అయినా క్రియ బహువచనంలోనే ఉంటుంది. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్తాను. ఈ ‘దే’ తెలుగు పిల్లలకి ఎక్కినంత తొందరగా చాలామందికి ఎక్కదని నా నమ్మకం.

మీరు రాసిందే చూడండి. ‘కొత్త మేనేజర్ వచ్చారు, సియాటిల్‌లో ఉంటారు’. ఒక్కరికే ‘వచ్చారు, ఉంటారు’. చదివిన మాలో ఒక్కరం కూడా ముగ్గురు మేనేజర్లు దిగారని అనుకోలేదు. ఇంకోటి. స్టాఫ్‌రూమ్‌లో బల్ల మీద టిఫిన్ డబ్బా ఉండిపోతే ఏమంటాం? ‘ఎవరో డబ్బా మర్చిపోయారు’ అంటాం. ఆ మనిషి ఆడో మగో తెలియదు, డబ్బా ఒకటే కాబట్టి మనిషీ ఒకరే. అయినా ‘మర్చిపోయాడు’ అనం, ‘మర్చిపోయింది’ అనం. ‘ఎవడు’, ‘ఎవతె’ అనే మాటలు ఉన్నాయి కానీ వాటిని వాడితే గొడవే. ఇంగ్లిష్‌వాళ్ళు ‘సమ్‌వన్ హాజ్ లెఫ్ట్ దెయిర్ లంచ్ బాక్స్’ అనేది సరిగ్గా ఇలాంటి చోటే.

కాబట్టి గ్రామర్ పుస్తకం పక్కన పెట్టి, ముందు మన నోట్లో ఉన్న ఈ అలవాటు పట్టుకోండి. ‘దే ఆర్’ దానంతట అదే వస్తుంది.

ప్రూఫ్_మాస్టారు · విజయవాడ

లెక్చరర్ గారూ, మీ ‘ఎవరో’ ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటాను. తెలియని మనిషి విషయంలో ‘దెయిర్’ అనడం నాకూ ఇబ్బంది లేదు. నేను ఇంగ్లిష్ దినపత్రిక డెస్క్‌లో పనిచేసి రిటైరయ్యాను. నా అభ్యంతరం వేరే. ఎదురుగా ఉన్న, పేరు తెలిసిన మనిషిని ‘దే’ అంటే వార్త చదివేవాడికి ఎవరి గురించో తేలదు. ‘అలెక్స్ మెట్ ద వెండర్స్. దే ఆగ్రీడ్ టు ద న్యూ డేట్.’ ఇక్కడ ఒప్పుకున్నది అలెక్సా, వెండర్లా? డబ్బులతో ముడిపడ్డ విషయంలో ఇలాంటి వాక్యం రాస్తే రేపు పేచీ వస్తుంది. ఎవరినో నొప్పించాలని అనట్లేదు. ఇన్నేళ్ళ స్థిరమైన వ్యాకరణాన్ని కొత్త పోకడ కోసం వదులుకోవాలా అన్నదే నా ప్రశ్న.

గోదావరి_ఇంగ్లిష్ · రాజమహేంద్రవరం

మాస్టారూ, అస్పష్టత సంగతి మీరన్నది నిజం, దానికి వేరేవాళ్ళు నాకన్నా బాగా చెప్తారు. ‘కొత్త పోకడ’ అన్నదానికి మాత్రం నేను జవాబివ్వాలి, ఎందుకంటే క్లాసులో ఏటా ఇదే మాట వింటాను.

తెలియని ఒక్క మనిషికి ‘దే’ వాడిన దాఖలా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ప్రకారం 1375 నాటి ఒక కథాకావ్యంలోనే ఉంది. ఆ తర్వాత షేక్‌స్పియర్, జేన్ ఆస్టిన్ కూడా వాడారు. మరి తప్పని ఎవరన్నారు? 18వ శతాబ్దంలో ఇంగ్లిష్‌కి లాటిన్ పద్ధతిలో సూత్రాలు కట్టిన వ్యాకరణవేత్తలు. ఏకవచనానికి ఏకవచనమే రావాలి, లింగం తెలియకపోతే ‘హీ’ అనాలి అని వాళ్ళు స్థిరపరిచారు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు, చట్టాల్లో పుంలింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని ఏకంగా చట్టమే చేసింది. మీరు ‘స్థిరమైన వ్యాకరణం’ అంటున్నది ఆ తర్వాత బడుల్లో రుద్దిన సూత్రం. జనం నోటిలో ‘దే’ మధ్యలో ఎప్పుడూ ఆగలేదు.

అసలు ‘యూ’ కథ ఇంకా విశేషం. ఒకప్పుడు ‘యూ’ బహువచనం. ఒక్కరైతే ‘దౌ’. పెద్దవాళ్ళని మర్యాదగా ‘యూ’ అనడం మొదలై, మెల్లగా అందరికీ అదే అయిపోయి, ‘దౌ’ వాడుకలోంచి పోయింది. ఇది అప్పట్లో కొందరికి ఎంత కోపం తెప్పించిందంటే, 1660లో జార్జ్ ఫాక్స్ అనే బోధకుడు (క్వేకర్లనే క్రైస్తవ శాఖ ఆయనది) మరో ఇద్దరితో కలిసి, ఒక్కరిని ‘యూ’ అనడం తప్పని వాదిస్తూ పెద్ద పుస్తకం వేశాడు. దేవుడినీ రాజునీ బంటునీ అందరినీ ఒకేలా ‘దౌ’ అనాలన్నది ఆయన పట్టుదల. ఇవాళ మనం ఒక్క మనిషితో ‘యూ ఆర్’ అంటున్నాం. ‘యూ ఈజ్’ అనట్లేదు. ‘దే ఆర్’ కూడా ఆ దారిలోనే వచ్చింది.

పేరు తెలిసిన మనిషికి, అదీ తానే కోరినప్పుడు వాడటం మాత్రం కొత్తదే, కాదనను. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు ఆ అర్థాన్ని 2019లో చేర్చింది. అదే ఏడాది ‘దే’ని ఆ ఏటి మాటగా ఎంచింది. మీ రంగంలోనే, అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ స్టైల్‌బుక్ 2017లో పరిమితంగా ఒప్పుకుంది. పరిశోధన వ్యాసాలకు ప్రమాణమైన ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) స్టైల్ పుస్తకం 2019లో వచ్చిన ఏడో ముద్రణలో దీన్ని సమర్థించింది.

కొత్త మాటే కావాలంటే అదీ చేసి చూశారు. చర్చి కీర్తనలకు బాణీలు కట్టిన చార్లెస్ కన్వర్స్ అనే అమెరికన్ లాయరు 1884లో ‘దట్ వన్’ని కుదించి ‘థాన్’ అనే సర్వనామం ప్రతిపాదించాడు. 1934 వెబ్‌స్టర్ నిఘంటువు దాకా ఎక్కింది. జనం పలకలేదు, 1961 ముద్రణలో తీసేశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ‘జీ’, ‘ఎక్స్‌ఈ’ లాంటివి ఎన్నో వచ్చాయి. వాటిని కోరుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని అలాగే పిలవాలి. కానీ అందరి నోళ్ళలో నిలిచింది మాత్రం ముందునుంచీ ఉన్న ‘దే’నే.

డాక్యుమెంట్_డెస్క్ · బెంగళూరు

నేను టెక్నికల్ రైటర్‌ని. రోజంతా ఇదే పని. మాస్టారి ‘వెండర్లు’ వాక్యం నుంచే మొదలుపెడతాను.

‘రవి సురేశ్‌కి ఫోన్ చేశాడు, అతను ఒప్పుకున్నాడు.’ ఎవరు ఒప్పుకున్నారు? ‘హీ’తో కూడా ఇదే చిక్కు. అప్పుడు ఏం చేస్తాం, పేరు మళ్ళీ రాస్తాం. ఇక్కడా అంతే: ‘అలెక్స్ మెట్ ద వెండర్స్, అండ్ ద వెండర్స్ ఆగ్రీడ్ టు ద న్యూ డేట్.’ పక్కన ఇంకో బహువచన నామం ఉంటే ‘దే’ జోలికి పోవద్దు, పేరు రాయండి. లేకపోతే ‘దే’ ధైర్యంగా వాడండి.

మేడమ్, మీ మెయిల్ ఇలా ఉండొచ్చు:

‘అలెక్స్ ఈజ్ ఆన్ లీవ్ టిల్ ఫ్రైడే. దే ఆర్ బ్యాక్ ఆన్ మండే అండ్ విల్ సైన్ ఆఫ్ ద డిజైన్ దెన్. ప్లీజ్ కాపీ దెమ్ ఆన్ ఆల్ టెస్ట్ రిపోర్ట్స్.’

గమనించారా, పేరు వచ్చిన చోట ‘ఈజ్’, ‘దే’ వచ్చిన చోట ‘ఆర్’. ‘అలెక్స్ హాజ్’, కానీ ‘దే హావ్’. ఒకే పేరాలో రెండూ ఉంటే తప్పేమీ కాదు. మీ డైరెక్టర్ గారికి అలవాటయ్యేదాకా భయంగా ఉంటే ‘విల్’, ‘క్యాన్’ లేదా గతకాలం క్రియ వాడండి. ‘దే విల్ రిటర్న్ ఆన్ మండే’, ‘దే అప్రూవ్డ్ ద డిజైన్’. ఇందులో ఈజ్, ఆర్ గొడవే రాదు.

ఒక్క జాగ్రత్త. ప్రతి వాక్యంలో ‘అలెక్స్, అలెక్స్, అలెక్స్’ అని రాసుకుంటూ పోకండి. చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది మీరు తప్పించుకుంటున్నారని. ఆ బాబు కాల్‌లో మాట మార్చడం లాంటిదే అదీ.

మాన్యువల్స్‌లో అయితే మేము మొదట ‘యూ’తో రాయడానికి చూస్తాం, కుదరకపోతే ‘యూజర్స్’ అని బహువచనం చేస్తాం, అదీ కుదరకపోతే ‘దే’. ‘హీ ఆర్ షీ’ అని ప్రతిచోటా పెడితే పేజీ చదవబుద్ధి కాదు. గూగుల్ డెవలపర్ స్టైల్ గైడ్ కూడా ఏకవచన ‘దే’నే వాడమంటుంది.

మణికొండ_లీడ్ · హైదరాబాద్

చాలా థాంక్సండీ, ఆ మూడు వాక్యాలు అలాగే తీసుకుంటున్నాను. ఇంకో రెండు సందేహాలు. ‘అలెక్స్ తానే స్వయంగా చూశారు’ అనాలంటే ‘దెమ్‌సెల్వ్స్’ అనాలా, ‘దెమ్‌సెల్ఫ్’ అనాలా? ఇంకొకరి సంతకంలో ‘షీ/దే’ అని చూశాను. అంటే ఏమిటి?

డాక్యుమెంట్_డెస్క్ · బెంగళూరు

రెండూ నడుస్తాయి. ఒక్కరే అని స్పష్టంగా ఉండాలంటే ‘దెమ్‌సెల్ఫ్’ బాగుంటుంది, నిఘంటువుల్లో ఉంది. వర్డ్ ఎర్రగీత పెట్టినా పట్టించుకోవద్దు. ‘షీ/దే’ అంటే రెండింటిలో ఏదన్నా తనకి సమ్మతమేనని. కొందరు ముందున్నదానికి ఎక్కువ ఇష్టపడతారు. పరిచయం పెరిగాక అడిగి తెలుసుకోవచ్చు.

ప్లేనో_నాన్న · టెక్సస్

ఇక్కడ ఎలా నడుస్తోందో చెప్తాను. ఆఫీసుల్లో ఎవరూ ఎవరినీ నిలదీసి అడగరు. సంతకంలోనో, లింక్డ్‌ఇన్‌లోనో, మీటింగ్ యాప్‌లో పేరు పక్కనో ఉంటే చూసి అదే వాడతారు. లేకపోతే పేరుతో సరిపెడతారు. అందరి ముందు ‘వాట్ ఆర్ యువర్ ప్రొనౌన్స్’ అని ఒక్కరినే అడగడం మర్యాద అనిపించుకోదు. మీవి మీరు ముందు చెప్పుకుంటే ఎదుటివాళ్ళు చెప్పాలనుకుంటే చెప్తారు. ‘ప్రిఫర్డ్ ప్రొనౌన్స్’ అనడం కూడా ఇప్పుడు తగ్గింది. ‘ప్రిఫర్డ్’ అంటే నచ్చితే వాడండి, లేకపోతే లేదు అన్నట్టు ఉంటుందని.

మాటల్లో పొరపాటున ‘హీ’ అని వచ్చేస్తే అక్కడే ‘దే’ అని దిద్దుకుని ముందుకు వెళ్ళిపోవాలి. పది నిమిషాలు సారీలు చెప్తే అవతలి మనిషే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది.

ఇంకో విషయం కూడా తెలిసి ఉండాలి. ఇది ఇక్కడ రాజకీయంగా బాగా వేడి మీద ఉన్న సంగతి. 2025 జనవరి చివర్లో ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులని మెయిల్ సంతకాల్లోంచి ప్రొనౌన్లు తీసేయమన్నారు. ప్రైవేటు కంపెనీల్లో ఎవరి పద్ధతి వారిది. అందుకే మన టీమ్ వాళ్ళు తమ సంతకాల్లో పెట్టుకోవాలా వద్దా అన్నది కంపెనీని బట్టి, వాళ్ళ ఇష్టాన్ని బట్టి తేల్చుకోవాలి. అవతలి మనిషి తన సంతకంలో పెట్టుకున్నప్పుడు దాన్ని పాటించడం మాత్రం మన చేతిలో పనే.

నీలిమేఘం · బెంగళూరు (ఊరు వరంగల్)

ఈ చర్చంతా ‘వాళ్ళ’ గురించి నడుస్తోంది కాబట్టి ఆ వైపు నుంచి నేనూ ఒక మాట. నేను నాన్‌బైనరీ, అంటే ఆడ, మగ అనే రెండు గడుల్లో దేనిలోనూ ఇమడని మనిషిని. ఆఫీసులో ఇంగ్లిష్‌లో ‘దే’ అంటారు. మొదటిసారి మా మేనేజర్ అప్రైజల్ కాగితంలో నా గురించి ‘దే హావ్ డన్ గుడ్ వర్క్’ అని రాసినప్పుడు ఆ లైను ఎన్నిసార్లు చదువుకున్నానో. అందులో మెచ్చుకోలు కన్నా, నేను చెప్పింది ఒకరు విని గుర్తుపెట్టుకున్నారన్నదే నాకు పెద్ద సంగతి.

మాస్టారు గారూ, మీ మీద నాకు కోపం లేదు. స్పష్టత కోసం అడిగారు. కానీ ‘తెలియని మనిషికైతే సరే, తెలిసిన మనిషికి కాదు’ అన్నారు చూశారా, అక్కడ ఆగాను. తెలియని వాళ్ళకి ఇచ్చే వెసులుబాటు తెలిసిన నాకు ఎందుకు ఇవ్వకూడదు? ‘హీ’ అంటే నేను కాదు, ‘షీ’ అంటే నేను కాదు. ఆ మాట పడ్డ ప్రతిసారీ ఆ వాక్యంలో వేరెవరో ఉన్నట్టు ఉంటుంది.

ప్రూఫ్_మాస్టారు · విజయవాడ

మీరు రాసింది శ్రద్ధగా చదివాను. నేను వాక్యం వైపు నుంచి చూశాను, మీరు వాక్యంలో ఉన్న మనిషి వైపు నుంచి చెప్పారు. ఒకటి అడుగుతాను. వార్తలో మొదటిసారి మీ గురించి రాయాల్సి వస్తే, ఈ వ్యక్తికి ‘దే’ వాడుతున్నామని ఒక ముక్క ముందే చెప్పడం మీకు ఇబ్బందిగా ఉంటుందా?

నీలిమేఘం · బెంగళూరు

ఏమీ ఉండదండీ. చాలా ఇంగ్లిష్ పత్రికలు అలాగే చేస్తున్నాయి. అడిగి రాస్తే చాలు.

నల్లకుంట_వకీలు · హైదరాబాద్

చట్టం వైపు నుంచి కొన్ని మాటలు. లెక్చరర్ గారు చెప్పిన 1850 నాటి సూత్రం మన దేశంలోనూ దిగింది. 1860 ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 8వ సెక్షన్‌లో ‘హీ’ అనే సర్వనామం మగవారికైనా ఆడవారికైనా వర్తిస్తుందని ఉండేది. 1897 జనరల్ క్లాజెస్ యాక్ట్ 13వ సెక్షన్‌దీ అదే దారి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత చూడండి. 2(10)లో ‘హీ’ అంటే మగ, ఆడ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ముగ్గురికీ వర్తిస్తుందని రాశారు. మనుషుల జాబితా పెరిగింది, సర్వనామం మాత్రం ‘హీ’ దగ్గరే ఆగింది. నాకు ఇది సగం పని అనిపిస్తుంది. నేను తయారుచేసే ఉద్యోగ ఒప్పందాల్లో ‘ద ఎంప్లాయీ’ అని మళ్ళీ మళ్ళీ రాస్తాను, లేదా ‘దే’ వాడి, మొదట్లోనే నిర్వచనాల దగ్గర అది ఏకవచనంగా కూడా చదవాలని ఒక లైను పెడతాను. అప్పుడు మాస్టారు భయపడ్డ పేచీ రాదు.

‘మిస్టర్’, ‘మిస్’ బదులు ‘ఎంఎక్స్’ అనే గౌరవ సంబోధన కూడా ఉంది, ‘మిక్స్’ అని పలుకుతారు. మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ 2015లోనే ఒక విద్యార్థి కోరితే పట్టా కాగితం మీద అలా ముద్రించి ఇచ్చింది.

మన దగ్గర ఎక్కువగా కలగాపులగమయ్యేది ఇంకోటుంది. ట్రాన్స్‌జెండర్ అనగానే అందరినీ ‘దే’ అనేయడం. తాను స్త్రీనని చెప్పిన ట్రాన్స్ మహిళని ‘షీ’ అనే అనాలి, తెలుగులో ‘ఆమె’ అనే. ఆవిడ ‘షీ’ అన్నాక మనం ‘దే’ అంటే ఆవిడ స్త్రీత్వాన్ని ఒప్పుకోనట్టే. 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద నడిచిన నల్సా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన కీలకమైన మాట, ఎవరి జెండర్ ఏమిటో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదేనని. ఏ సర్వనామం అన్నదీ అక్కడి నుంచే వస్తుంది.

ఆరెంజ్‌క్యాప్ · నెల్లూరు

క్రికెట్‌లోనూ ఇదే కథ కదండీ. 2021లో, ఆట నిబంధనలు రాసే ఎంసీసీ క్లబ్బు వాటిలో ‘బ్యాట్స్‌మన్’ తీసి ‘బ్యాటర్’ పెట్టింది. మా నాన్న మొదట్లో విసుక్కున్నారు. ఇప్పుడు స్మృతి మంధాన ఆడుతుంటే ‘మంచి బ్యాటర్’ అని ఆయనే అంటున్నారు.

కరీంనగర్_బ్యాంక్‌ప్రెప్ · కరీంనగర్

సార్, లెక్చరర్ గారికి ఒక ప్రశ్న. నేను బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాను. ‘ఎవ్రీ క్యాండిడేట్ మస్ట్ క్యారీ దెయిర్ హాల్ టికెట్.’ ఎర్రర్ స్పాటింగ్‌లో ఇది తప్పా, కరెక్టా? కోచింగ్‌లో ‘హిజ్’ పెట్టాలన్నారు. ఇక్కడ చదివితే కరెక్టే అనిపిస్తోంది. మార్కు పోతుందేమోనని భయం.

గోదావరి_ఇంగ్లిష్ · రాజమహేంద్రవరం

తమ్ముడూ, భాషగా చూస్తే ఆ వాక్యం సరైనదే. తెలుగులో చెప్పి చూడు: ‘ప్రతి అభ్యర్థీ తన హాల్ టికెట్ తెచ్చుకోవాలి.’ ఆ ‘తన’లో ఆడా మగా లేదు. ‘దెయిర్’ ఇక్కడ ఆ ‘తన’ చేసే పనే చేస్తోంది. ‘హిజ్’ పెడితే హాల్లో కూర్చున్న సగం మంది వాక్యంలోంచి బయటికి పోతారు.

పరీక్షగా చూస్తే జాగ్రత్త పడు. పాత గైడ్లని పట్టుకుని ప్రశ్న తయారుచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అందుకని వాక్యంలో మిగతా భాగాలన్నీ ముందు చూడు. వేరే చోట కచ్చితమైన తప్పు కనిపిస్తే అదే పెట్టు. ఏ తప్పూ లేక ‘దెయిర్’ ఒక్కటే అనుమానంగా మిగిలితే, ఆ పరీక్ష పాత ప్రశ్నపత్రాల్లో కీ ఎలా ఇచ్చారో చూసి దాన్నే అనుసరించు. డిస్క్రిప్టివ్ పేపర్లో మాత్రం నీ చేతిలో ఉంది. ‘ఆల్ క్యాండిడేట్స్ మస్ట్ క్యారీ దెయిర్ హాల్ టికెట్స్’ అని రాయి, ఎవరూ వేలు పెట్టలేరు.

సబ్‌టైటిల్_పని · చెన్నై

ఆలస్యంగా వచ్చాను. నేను ఇంగ్లిష్ సీరీస్‌లకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తాను. లెక్చరర్ గారు ‘వచ్చారు’తో పోల్చారు కదా, అర్థం చేసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. కానీ తిరగేసి తెలుగులోకి తెచ్చేటప్పుడు కాస్త ఆగాలి. మన ‘వచ్చారు’లో మర్యాద ఉంది, ఇంగ్లిష్ ‘దే’లో మర్యాద లేదు, చనువూ లేదు. కాలేజీ క్యాంటీన్‌లో ఇద్దరు స్నేహితులు మూడో స్నేహితుణ్ణో స్నేహితురాలినో ‘దే’ అంటారు. దాన్ని ‘వారు వచ్చారు’ అని రాస్తే ప్రిన్సిపాల్ వచ్చినట్టు ఉంటుంది. మా అమ్మ వయసు వాళ్ళకైతే ‘వారు’ అంటే మొగుడే గుర్తొస్తాడు.

‘తను’ ఉంది కదా అంటారు. సర్వనామం వరకు బంగారం. చిక్కు మన క్రియలో ఉంది. ‘తను వచ్చాడు’, ‘తను వచ్చింది’. క్రియ చివరే లింగం బయటపడిపోతుంది. సర్వనామం మింగేసినా క్రియ మింగలేం. ఇంగ్లిష్‌లో ఈ బాధ లేదు, ‘కేమ్’ ఎవరికైనా ‘కేమ్’.

పనిలో పడ్డాక నాకు దొరికిన దారులు ఇవి. మన భాషలో లింగం పలకని వాక్యాలు నేననుకున్నదానికన్నా చాలా ఉన్నాయి. ‘తను రాలేదు’ ఎవరికైనా ఒకటే. ‘తను రావాలి’, ‘తను రావచ్చు’, ‘తను రాకూడదు’ కూడా అంతే. ‘తనకు తెలుసు’, ‘తనకు నచ్చింది’, ‘తనకు జ్వరం వచ్చింది’, వీటిలోనూ ఏమీ తెలియదు. ‘తను డాక్టర్’ అంటే క్రియే లేదు. అన్నింటికన్నా నాకు ఇష్టమైనది ‘నిన్న ఫోన్ చేసింది తనే’. ఇక్కడ ‘చేసింది’ అన్నయ్యకైనా వదినకైనా అదే. ‘ఫోన్ చేసింది అన్నయ్యే’ అంటాం కదా! కాబట్టి ‘దే కాల్డ్ మీ’ వస్తే ‘నాకు ఫోన్ చేసింది తనే’ అని తిప్పేస్తాను. నొక్కి చెప్పినట్టు అవుతుంది కాబట్టి ప్రతిచోటా కుదరదు, కుదిరిన చోట చాలా సహజంగా ఉంటుంది.

నీలిమేఘం · బెంగళూరు

మీ పోస్టు సేవ్ చేసుకున్నాను. మా ఇంట్లో జరిగేది అచ్చంగా ఇదే. అమ్మ నాతో మాట్లాడితే ఏ ఇబ్బందీ లేదు. ‘తిన్నవా, పడుకున్నవా’ అంటుంది, అందులో ఆడా మగా ఏం లేదు. నేను మాట్లాడినా ‘తిన్నాను’ అంటాను, అయిపోయింది. నా గురించి పిన్నితో మాట్లాడినప్పుడే కష్టం. ఇప్పుడు అమ్మ పేరు పెట్టి చెప్తోంది. ‘ఇంకా రాలే’, ‘పొద్దున ఫోన్ జేసింది తనే’ అని తెలియకుండానే మీరు చెప్పిన వాక్యాలే ఎంచుకుంటోంది.

ఆరెంజ్‌క్యాప్ · నెల్లూరు

‘మా పెద్ద బిడ్డ’ అనొచ్చు కదా. బిడ్డ అంటే ఇద్దరికీ సరిపోతుంది.

నీలిమేఘం · బెంగళూరు

మీ వైపు సరిపోతుంది. మా వైపు బిడ్డ అంటే కూతురే. ‘కొడుకు, బిడ్డ’ అని లెక్క చెప్తారు. అందుకే పేరే మేలు.

ప్రూఫ్_మాస్టారు · విజయవాడ

సబ్‌టైటిల్ గారూ, మీ పద్ధతి పరీక్షించాలని ఉంది. ‘వేర్ ఈజ్ సామ్? దే సెడ్ దే వర్ కమింగ్.’ స్నేహితులు మాట్లాడుకుంటున్నారు, మర్యాద అక్కర్లేదు. ఎలా రాస్తారు? ‘సామ్ ఏడీ’ అంటే మగ, ‘ఏదీ’ అంటే ఆడ, ‘ఏరీ’ అంటే మర్యాద. మొదటి మాటలోనే ఇరుక్కుంటారు.

సబ్‌టైటిల్_పని · చెన్నై

‘సామ్ ఎక్కడ? వస్తానని మెసేజ్ పెట్టి...’ అని వదిలేస్తానండీ, చుక్కలు పెట్టి.

ప్రూఫ్_మాస్టారు · విజయవాడ

చుక్కలు వద్దు. అడుగుతున్నవాళ్ళకి గొంతులో ఆత్రం ఉంది, అది వాక్యంలో తెగిపోతోంది. ‘సామ్ ఎక్కడ? వస్తానని మెసేజ్ వచ్చిందే!’ అనండి. వచ్చింది మెసేజ్ కాబట్టి సామ్ ఎవరన్న ప్రశ్నే రాదు.

సబ్‌టైటిల్_పని · చెన్నై

తీసుకున్నానండీ. ఇంకో ఎపిసోడ్‌లో ఇలాంటివి కొన్ని ఉన్నాయి, రేపు ఇక్కడే పెడతాను. మీరూ నీలిమేఘం గారూ ఇద్దరూ ఒకసారి చూడాలి.